లీగల్ ఎయిడ్ కోతలు: మేమెందుకు వద్దంటున్నాం

ఇంగ్లండ్‌లో లీగల్ ఎయిడ్ కింద, అంటే డబ్బులేనివాళ్ల లాయరు ఖర్చు ప్రభుత్వం భరించే పథకం కింద, ఫ్యామిలీ, హౌసింగ్ కేసులు చూసే సొలిసిటర్‌ని (కక్షిదారులకు సలహా ఇచ్చి కేసు నడిపించే లాయర్‌ని). కోతల మాటెత్తితే ఇక్కడున్న మనవాళ్లు కూడా అనే మాటలు కొన్నున్నాయి. వాటికి నా జవాబులివి.

అపోహ: లాయర్ల గొడవంతా ఫీజుల కోసమే.

వాస్తవం: ఫీజుల గొడవ ఉంది, దాచేదేం లేదు. 2022లో క్రిమినల్ బారిస్టర్లు (కోర్టులో వాదించే లాయర్లు) విధులు బహిష్కరించింది దాని మీదే. తొలి మూడేళ్లలో జూనియర్‌కు ఏడాదికి మిగిలేది సుమారు 12,200 పౌండ్లని వాళ్ల సంఘం లెక్క చెప్పింది. ఆ డబ్బుతో ఎన్నాళ్లు నెట్టుకొస్తారు? కుర్రాళ్లు వేరే దారి చూసుకుంటే, కేసులో ఇరుక్కున్న పేదవాడి తరఫున నిలబడేదెవరు? చివరికి అక్టోబరులో 15 శాతం పెంపుకు ఒప్పుకుని పనిలోకొచ్చారు.

అపోహ: మొగుడూ పెళ్లాల తగాదాకు లాయరెందుకు, మధ్యవర్తి చాలు.

వాస్తవం: ప్రభుత్వమూ ఇలాగే అనుకుంది. 2013 ఏప్రిల్ 1 నుంచి విడాకులు, పిల్లలు ఎవరి దగ్గరుండాలన్న కేసుల్లో చాలావాటికి లీగల్ ఎయిడ్ తీసేసింది. జనం మీడియేషన్‌కు వెళ్తారని, అలాంటివి 9,000 పెరుగుతాయని అంచనా వేసింది. తీరా చూస్తే మొదటి ఏడాదే మీడియేషన్లు 38 శాతం పడిపోయాయని 2014లో ప్రభుత్వ ఖర్చుల లెక్క చూసే నేషనల్ ఆడిట్ ఆఫీసు తేల్చింది. మాకిది వింత కాదు. ‘ముందు మీడియేషన్‌కు వెళ్లి చూడండి’ అని నచ్చజెప్పి పంపేది సొలిసిటర్లే. ఆ చెప్పేవాళ్లు లేకపోయేసరికి జనం నేరుగా కోర్టు మెట్లెక్కారు. ఇద్దరికీ లాయర్లేని ఫ్యామిలీ కేసులు అదే ఏడాది 30 శాతం పెరిగాయి.

గృహహింస బాధితులకు మినహాయింపు ఉంది కదా అంటారు. ఉంది, రుజువు చూపిస్తేనే. అదీ రెండేళ్ల లోపుదై ఉండాలన్నారు. డాక్టరిచ్చిన ఉత్తరం చేతిలో ఉంటుంది, ఒంటి మీద మచ్చలూ ఉంటాయి, కాగితం మీద తేదీ మాత్రం పాతది. అంతే, చెల్లదు. ఆ నిబంధన చట్టవిరుద్ధమని 2016లో అప్పీలు కోర్టు చెప్పినా, గడువు పూర్తిగా ఎత్తేసింది 2018 జనవరిలోనే. ఈలోగా ఎందరో ఆడవాళ్లు లాయరు లేకుండా బోనెక్కారు. కొట్టినవాడే ఎదురుగా నిలబడి క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తుంటే జవాబులు చెప్పుకున్నారు. దాన్ని ఆపడానికి 2021లో చట్టం తేవాల్సి వచ్చింది. ఇప్పటికీ ఇది తలుచుకుంటే నాకు కోపం ఆగదు.

అపోహ: కోత పెడితే ఖజానాకు అంత మిగులు.

వాస్తవం: బెనిఫిట్ (ప్రభుత్వమిచ్చే ఆర్థిక సాయం) ఆగిపోతే అద్దె బకాయి పడుతుంది. ఆ బెనిఫిట్ గొడవ మొదట్లోనే తేల్చుకోవడానికి సలహా కావాలంటే 2013 తర్వాత లీగల్ ఎయిడ్ లేదు. ఇల్లు పోయే పరిస్థితి వచ్చాక మాత్రం ఉంది! అప్పటికి కోర్టు ఖర్చు నెత్తిన పడుతుంది, కుటుంబం వీధిన పడితే స్థానిక కౌన్సిల్ తాత్కాలిక వసతి కూడా చూపించాలి. ఇల్లు ఖాళీ చేయమని నోటీసు అందినవాళ్లకు అప్పులు, బెనిఫిట్ల సలహా కూడా ఇవ్వడం 2023 ఆగస్టులో గానీ మొదలుకాలేదు. పదేళ్లు పట్టింది.

అపోహ: ఉద్యోగం ఉంటే లీగల్ ఎయిడ్ మాటే ఎత్తక్కర్లేదు.

వాస్తవం: పోలీస్ స్టేషన్‌లో విచారణకు కూర్చోబెడితే సొలిసిటర్ సలహా ఎవరికైనా ఉచితం, జీతమెంతైనా సరే. ‘నాకు సొలిసిటర్ కావాలి’ అని అడగండి, వచ్చేదాకా మీ హక్కు వదులుకోకండి.