పొగ అంటే కాలకుండా మిగిలిన కట్టె

చిత్తూరులో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక పాఠకుడు పోయిన నెల ఒక ప్రశ్న పంపారు. వారి అబ్బాయి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఇల్లు కొన్నాడు. ముందుగదిలో గోడలోకి కట్టిన పాత చలిమంట గూడు ఉంది. అందులో కట్టెలతో మండే ఇనుప పొయ్యి పెట్టించుకుందామని విచారిస్తే, ఆ నగరం మొత్తం ‘పొగ నియంత్రణ ప్రాంతం’ కిందికి వస్తుందనీ, మినహాయింపు పొందిన పొయ్యిలో తప్ప కట్టెలు కాల్చకూడదనీ తేలింది. “కట్టె అన్నాక పొగ రాకుండా ఉంటుందా? పొగ రాని కట్టెల పొయ్యి అని అంగడివాడు చెప్పే మాటను ఎంతవరకు నమ్మవచ్చు? ఏమి చూసి కొనమని వాడికి చెప్పాలి?” అని వారు అడిగారు.

చట్టం సంగతి నాకు పెద్దగా ఆసక్తి కలిగించేది కాదు కనుక రెండు మాటల్లో ముగిస్తాను. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు బొగ్గుపొగ, పొగమంచు కలిసి లండన్‌ను కమ్మేసి వేలమంది ప్రాణాలు తీశాయి. 1956లో వచ్చిన స్వచ్ఛ వాయు చట్టానికి మూలం అదే. ఆ చట్టం కిందనే స్థానిక సంస్థలు పొగ నియంత్రణ ప్రాంతాలను ప్రకటించడం మొదలుపెట్టాయి. నేడు ఇంగ్లండులో అలాంటి ప్రాంతంలో ఇంటి పొగగొట్టం పొగ కక్కితే 175 నుంచి 300 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు.

అసలు విషయం పొగ. బూడిద మాదిరిగా పొగ కూడా కట్టె కాలిన తరువాత మిగిలే వ్యర్థమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కాలవలసి ఉండి కాలలేకపోయిన కట్టె. ఎండు కట్టెను వేడి చేస్తే దాని బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆవిర్లుగా, వాయువులుగా విడిపోయి బయటికి వస్తుంది, మిగిలింది బొగ్గు. మనం చూసే మంట కట్టెది కాదు, కట్టెలోంచి వెలువడిన ఆ వాయువులది. మంట అంటుకోకముందే అవి చల్లారితే తారు బిందువులై తెల్లగానో నీలంగానో కనిపించే పొగ అవుతాయి. మంటలోకి వెళ్లి కూడా ప్రాణవాయువు చాలకపోతే మసి రేణువులై నల్లపొగ అవుతాయి. ఈ రేణువుల్లో చాలా భాగం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవి కనుక ఊపిరితిత్తుల చివరి అరల దాకా చేరుతాయి.

దీనికి రుజువు ఇంట్లోనే చూసుకోవచ్చు. గాలి కదలని గదిలో కొవ్వొత్తిని కాసేపు వెలగనిచ్చి ఆర్పితే వత్తి నుంచి తెల్లని పొగ తీగలాగా పైకి లేస్తుంది. వెలుగుతున్న అగ్గిపుల్లను వత్తికి తాకించకుండా, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున ఆ పొగ తీగకే అందిస్తే, మంట పొగ వెంట కిందికి జారి వత్తిని మళ్లీ వెలిగిస్తుంది. మైకేల్ ఫారడే లండన్‌లో పిల్లలకు చేసి చూపించిన ప్రయోగం ఇది. మన ఇళ్లలో దీపాన్ని నోటితో ఊదనివ్వరు, ఆరిపోయిందని అననివ్వరు, ‘కొండెక్కింది’ అనమంటారు. శకునాల మీద నాకు నమ్మకం లేకపోయినా, ఎదురుగా కొండ కనిపించే తిరుపతిలో కూర్చుని ఈ ప్రయోగం చేసినప్పుడల్లా ఆ మాట ఎంత సరిగ్గా కుదిరిందా అనిపిస్తుంది. దీపం నిజంగానే పైకెక్కింది, పొగ రూపంలో. మన బడుల్లో మాత్రం ఇంధనానికి ఆక్సిజన్ కలిపితే బొగ్గుపులుసు వాయువు, నీరు వస్తాయని సమీకరణం రాయించి వదిలేస్తారు. ఆ సమీకరణంలో పొగ ఎక్కడుందని అడిగిన పిల్లవాడికి జవాబు చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు.

మంచి పొయ్యి చేసే పనంతా ఆ అగ్గిపుల్ల చేసే పనే. పైకి లేచిన పొగను గొట్టంలోకి పోనివ్వకుండా పట్టుకుని రెండోసారి కాల్చాలి. అందుకు మూడు కావాలి: సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడి, ఆ వేడిలో వాయువులు నిలిచే వ్యవధి, తాజా గాలితో బాగా కలిసే సుడి. మూడింటిలో ఏది తగ్గినా పొగ తప్పదు.

మన ఊళ్లలోని కట్టెల పొయ్యి ఎందుకు అంత పొగ పెడుతుందో ఇక్కడే తెలుస్తుంది. మూడు రాళ్ల మీద నీళ్ల కుండ పెట్టినప్పుడు, లోపల నీళ్లున్నంత సేపూ దాని అడుగు వంద డిగ్రీలకు పెద్దగా మించదు. పసుపుపచ్చగా వెలుగుతున్న మంట నిజానికి ఎర్రగా కాగిన మసి రేణువుల వెలుగు. ఆ రేణువులు మంట అంచుకు చేరి కాలిపోవలసిన క్షణంలో చల్లని కుండకు తగిలి, చల్లబడి అంటుకుపోతాయి. తోమితే పోని కుండ మసి అదే. అంటే మన పొయ్యిలో మంట ముందు వేడిని ఇచ్చేసి, తరువాత కాలడానికి ప్రయత్నిస్తోంది. గది వేడి చేసే పొయ్యికి నెత్తిన కుండ లేదు. ముందు పూర్తిగా కాలి, ఆ తరువాత తీరికగా వేడిని పంచే అవకాశం దానికి ఉంది. మంటకూ పాత్రకూ మధ్య వేడిని పట్టి ఉంచే చిన్న నిలువు గొట్టం పెట్టే రాకెట్ పొయ్యి కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో చిత్తూరు కూడా ఉంది కనుక ఈ సూత్రం మనకూ పనికిరానిది కాదు.

ఇప్పుడు కొనబోయే పొయ్యి లోపలికి చూద్దాం. గోడలకు వెర్మిక్యులైట్ పలకలు ఉండాలి. మిద్దె తోటల వాళ్లు కుండీ మట్టిలో కలిపే ఖనిజమే ఇది, వేడిని ఇనుములోకి పోనివ్వకుండా మంట దగ్గరే ఆపుతుంది. పైన అడ్డుపలక ఉండి, వాయువులు నేరుగా గొట్టంలోకి పోకుండా చుట్టు తిరిగి వెళ్లేటట్టు చేయాలి. కింద నుంచి వచ్చే ప్రాథమిక గాలి రాజేయడానికి. తలుపు గాజు మీదుగా జారుతూ, వెనుక గోడలోని చిన్న రంధ్రాల గుండా వస్తూ, ముందే వేడెక్కి మంట పైభాగాన్ని తాకే ద్వితీయ గాలి పొగను కాల్చడానికి. చల్లని గాలి చొప్పిస్తే పొగ కాలకపోగా ఉన్న మంట కూడా చల్లబడుతుంది. అమెరికాలో ఎక్కువగా వాడే మరో రకంలో పల్లాడియం, ప్లాటినం వంటి లోహాల పూత ఉన్న తేనెపట్టు ఆకారపు పింగాణీ దిమ్మె ఉంటుంది. అది 260 డిగ్రీల దగ్గరే పొగను అంటిస్తుంది, కానీ రంగు వేసిన చెక్క కాల్చినా, ప్లాస్టిక్ వేసినా పాడవుతుంది.

కాగితం మీద చూడవలసిన అంకెలు రెండు. 2022 నుంచి బ్రిటన్‌లో అమ్మే కొత్త కట్టెల పొయ్యి ‘ఎకోడిజైన్’ పరిమితికి లోబడాలి. మూసిన తలుపు గల పొయ్యికి అది ఘనపు మీటరు పొగవాయువులో 40 మిల్లీగ్రాముల రేణువులు. పొగ నియంత్రణ ప్రాంతపు మినహాయింపు వేరు: గంటకు 5 గ్రాములు, పైగా ప్రతి 0.3 కిలోవాట్ సామర్థ్యానికి 0.1 గ్రాము, అంటే 6 కిలోవాట్ల పొయ్యికి గంటకు 7 గ్రాములు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. బ్రిటన్ పర్యావరణ శాఖ అయిన డెఫ్రా ఇచ్చే ‘డెఫ్రా మినహాయింపు’ జాబితాలో ఆ నమూనా పేరు అచ్చంగా ఉందో లేదో చూడాలి. నాకు అన్నిటికన్నా ముచ్చటైన విషయం ఏమిటంటే, మినహాయింపు నమూనాకూ దాని మామూలు జోడుకూ తేడా చాలాసార్లు గాలి మీటకు అడ్డంగా బిగించిన చిన్న ఇనుప ముక్క మాత్రమే. గాలి దారిని పూర్తిగా మూయనివ్వకపోవడమే దాని పని. రాత్రంతా కట్టె మిగలాలని గాలి మూసి నివురుగప్పిన నిప్పులాగా ఉంచే అలవాటును ఆ ముక్క అడ్డుకుంటుంది.

ఆ అలవాటు పుట్టేది పెద్ద పొయ్యి కొనడం వల్ల. ఘనపు మీటర్లలో గది పరిమాణాన్ని 14తో భాగిస్తే కావలసిన కిలోవాట్లు ఉజ్జాయింపుగా వస్తాయి. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు గల గది 48 ఘనపు మీటర్లు. దానికి మూడున్నర కిలోవాట్లు చాలు. అక్కడ 8 కిలోవాట్లది పెడితే అరగంటలో ఉక్కపోసి గాలి మూస్తారు, మంట చస్తుంది, పొగ మొదలవుతుంది. చిత్తూరు పల్లెల్లో బెల్లం వండే చోట పొయ్యి ఎగదోసే మనిషి ఎండిన చెరకు పిప్పిని కొంచెం కొంచెంగా, మంట తగ్గకముందే అందిస్తూ ఉంటాడు. ఒకేసారి కుక్కితే ఏమవుతుందో అతనికి గొట్టం చివర కనిపిస్తుంది. బర్మింగ్‌హామ్ అబ్బాయికీ పద్ధతి అదే: చిన్న పొయ్యి, చిన్న కట్టెలు, ధారాళమైన గాలి. అంత చేసినా, అత్యుత్తమ కట్టెల పొయ్యి సైతం గ్యాస్ బాయిలర్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ రేణువులు వదులుతుందని అతనికి చెప్పాలి.

ఇక కట్టె. పచ్చి కట్టెలోని నీరు వేడినంతా తినేస్తుందని అంటారు. లెక్క వేస్తే అలా తేలదు. 40 శాతం తేమ ఉన్న కిలో కట్టెలో 400 గ్రాముల నీటిని ఆవిరి చేయడానికి సుమారు 1 మెగాజౌల్ చాలు. మిగిలిన 600 గ్రాములు దాదాపు 11 మెగాజౌళ్లు ఇవ్వగలవు. పోయేది పదో వంతు కన్నా తక్కువే. నీరు తినేది ప్రధానంగా ఉష్ణోగ్రతను: అది ఆవిరయ్యేంత వరకు కట్టె వంద డిగ్రీల దగ్గరే ఆగి, పొయ్యి లోపలి వేడిని 600కు చేరనివ్వదు. అందుకే 2021 మే నుంచి ఇంగ్లండులో 2 ఘనపు మీటర్ల లోపు అమ్మే కట్టెలకు తేమ 20 శాతం మించరాదన్న నియమం ఉంది. తేమ కొలిచే చిన్న పరికరం కొనుక్కోమని అబ్బాయికి చెప్పండి. కట్టె చివరలు ముందు ఎండుతాయి కనుక అక్కడ కొలిస్తే అంకె మోసం చేస్తుంది. కట్టెను నిలువునా చీల్చి, అప్పుడే బయటపడిన లోపలి ముఖం మీద సూదులు గుచ్చి చూడాలి.