బొబ్బిలి కథలో విషాద నాయకుడెవరు?

విజయనగరం జిల్లాలో నాటకాల గురించి మాట్లాడుకునే నలుగురు ఒకచోట కూర్చుంటే బొబ్బిలి యుద్ధం ప్రస్తావన రాకుండా లేవరు. అక్కడికొచ్చాక తగువు ఒక్కటే. ఆ కథకు నాయకుడు కోటలో ప్రాణం విడిచిన బొబ్బిలి ప్రభువు రంగారాయుడా, పగ తీర్చుకున్న తాండ్ర పాపారాయుడా? మీసం మెలేసే పాత్ర కావాలనుకునే నటులు పాపారాయుడి వైపు, బరువైన పాత్ర కావాలనుకునేవాళ్లు రంగారాయుడి వైపు మొగ్గుతారు. మూడో పేరు సాధారణంగా ఎవరూ ఎత్తరు. విషాద నాటకం అనే మాటను దాని పాత అర్థంలో పట్టుకుంటే ఆ మూడోవాడే అసలు నాయకుడని నా వాదన. అదెలాగో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకు ఇచ్చాడు. వాళ్ల సేనాని బుస్సీ చికాకోలు, రాజమండ్రి సర్కారుల శిస్తు వ్యవహారాన్ని విజయనగరం ప్రభువు పూసపాటి పెద విజయరామరాజుకు అప్పజెప్పాడు. చికాకోలంటే మన శ్రీకాకుళమే. విజయరామరాజుకు బొబ్బిలితో పాత తగాదా ఉంది. బొబ్బిలివాళ్లు ఏటి నీళ్లు తమ మళ్లకు మళ్లించుకునేవారని ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. గొప్ప యుద్ధాల వెనక నీటి తగవులుండటం మన రైతులకు వింతేమీ కాదు. ఈలోగా బొబ్బిలి ఎల్లలోంచి వెళుతున్న ఫ్రెంచి సిపాయిల దండు మీద దాడి జరిగింది. బొబ్బిలి వదులుకుంటే ఆ తప్పు మన్నిస్తాననీ, మరోచోట అంత విలువైన భూములిస్తాననీ బుస్సీ కబురు పెట్టాడు. రంగారాయుడు ఒప్పుకోలేదు.

1757 జనవరి 24న కోట మీద ఫిరంగులు పేలాయి. మట్టికోట నిలవదని తేలిపోయాక, ఆడవాళ్లూ పిల్లలూ శత్రువుల చేత చిక్కకూడదని లోపలివాళ్లే వాళ్లను చంపి, ఇళ్లకు నిప్పు పెట్టారు. రంగారాయుడు పోరాడుతూ పడిపోయాడు. ఒక ముసలాయన పసివాడైన వారసుణ్ణి బతికించి తెచ్చి ఫ్రెంచివాళ్లకు అప్పగించాడు. పాపారాయుడు అప్పటికి రాజాంలో ఉన్నాడనీ, కబురు అందక సమయానికి రాలేకపోయాడనీ మన కథల్లో చెప్పుకుంటారు. మూడో రాత్రి విజయరామరాజు తన డేరాలోనే పాపారాయుడి కత్తిపోట్లకు చచ్చిపోయాడు.

ఇప్పుడు గ్రీకుల దగ్గరికి వెళదాం. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ విషాద నాయకుడికి కొన్ని గుర్తులు చెప్పాడు. అతను మహాత్ముడు కాకూడదు, పరమ దుర్మార్గుడూ కాకూడదు. ఉన్నత స్థితిలో ఉండి, తాను చేసిన ఒక పొరపాటు వల్ల పడిపోవాలి. కథ ఒక్కసారిగా తల్లకిందులు కావాలి. తనకేం జరిగిందో తాను గుర్తించాలి. ఆయన మెచ్చుకున్న ఉదాహరణ ఈడిపస్. మూడు దారులు కలిసే చోట ఎవరో తెలియని ముసలివాణ్ణి చంపాడు. ఆ హంతకుణ్ణి పట్టుకుంటానని తానే ఊరి ముందు శపథం చేశాడు. వెతకగా వెతకగా హంతకుడు తానేనని తేలింది. చచ్చినవాడు తన కన్నతండ్రి.

ఈ కొలతలతో చూస్తే రంగారాయుడికి గుర్తింపు లేదు. ఏం జరగబోతోందో అతనికి మొదట్నుంచీ తెలుసు, తెలిసే పంతం వదల్లేదు. అది వీరరసం. పాపారాయుడు అనుకున్నది సాధించాడు. పగ నెగ్గినవాడి చావుకు జనం చప్పట్లు కొడతారు, భయంతో వణకరు. తల్లకిందులైంది విజయరామరాజు బతుకొక్కటే. అతను దుర్మార్గుడేమీ కాదు. ఇరుగుపొరుగు జమీందార్లందరికీ ఉండే కక్షే అతనికీ ఉంది. దానికి పరాయి ఫిరంగుల తోడు దొరికింది, అంతే. కోరుకున్న బొబ్బిలి బూడిదై చేతికొచ్చింది. పెళ్లాం బిడ్డలు, ఇల్లు, ఊరు అన్నీ పోయినవాళ్లు చీకట్లో మిగిలారు. అంటే తన చావును తన గెలుపే తయారు చేసింది. ఆ మూడు రాత్రులూ అతను డేరాలో ఏమనుకున్నాడో ఏ రికార్డులోనూ ఉండదు. నాటకకర్త పని సరిగ్గా అక్కడే మొదలు కావాలి.

ఆ పొరపాటు వంశాన్ని కూడా వదల్లేదు. తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజు ఫ్రెంచివాళ్లతో చెడి ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్లను ఓడించాడు. పరాయి ఫిరంగి రెండోసారీ పనికొచ్చిందని అనుకొని ఉంటారు. 1794 జులై 10న పద్మనాభం దగ్గర అదే ఇంగ్లీషు కంపెనీ సేనల చేతిలో చిన విజయరామరాజు చచ్చిపోయాడు. కంపెనీ అడిగిన పేష్కషు, అంటే కప్పం బకాయి, ఊరొదిలి మచిలీపట్నం పొమ్మన్న ఉత్తరువు దానికి కారణాలు. తాత తరం తెచ్చుకున్న సాయం మనవడి తరం మీదికి తిరగడానికి నలభై ఏళ్లు కూడా పట్టలేదు.

మరి మన రంగస్థలం ఈ దారిన ఎందుకు పోలేదు? ఒక కారణం పాతదే. సంస్కృత నాటక సంప్రదాయం నాయకుడి చావును రంగం మీద చూపించొద్దంది, మంగళంతో ముగించమంది. రామాయణంలో భూమిలో కలిసిపోయిన సీతను భవభూతి ఉత్తరరామచరితంలో మళ్లీ రాముడికి అప్పగించాడు. ఆ కట్టుబాటును దాటినవాడు భాసుడు. ఊరుభంగంలో తొడలు విరిగిన దుర్యోధనుడు ప్రేక్షకుల ఎదుటే ప్రాణం విడుస్తాడు. ఒళ్లో కూర్చుంటానని వచ్చిన కొడుకును కూర్చోబెట్టుకోలేని తండ్రిని అందులో చూస్తాం. అయితే ఆ నాటకాలు తిరువనంతపురంలో గణపతిశాస్త్రి అచ్చు వేయించిన 1912 దాకా లోకానికి దూరంగానే ఉండిపోయాయి. మన నాటకకర్తలు కలం పట్టేనాటికి వాళ్ల ముందున్నవి భవభూతి, కాళిదాసు, ఆపైన షేక్స్పియర్.

షేక్స్పియర్ 1870ల్లోనే తెలుగులోకి వచ్చాడు. వావిలాల వాసుదేవశాస్త్రి జూలియస్ సీజర్‌ను తెలుగు చేశారు. ఆ తర్వాత బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు విషాద సారంగధర రాశారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దాన్నే చెప్పుకుంటాం. పావురం కోసం సవతితల్లి మేడకు వెళ్లిన రాకుమారుడు, ఆమె చెప్పిన అబద్ధం, కాళ్లూ చేతులూ నరకమన్న రాజు. పాత కథలో సిద్ధుడొచ్చి తెగిన అవయవాలను మళ్లీ మొలిపిస్తాడు. ఆ ఓదార్పు లేకుండా కథ ముగించడానికి ఆ రోజుల్లో గుండె దిటవు కావాలి. ఇదే కథను 1883లోనే విజయనగరంలో కూర్చుని గురజాడ అప్పారావు ఇంగ్లీషు కావ్యంగా రాశారు. అప్పటికాయనకు ఇరవై ఒకటో ఏడు.

1892లో విజయనగరం జగన్నాథ విలాసినీ సభ ఆడించిన కన్యాశుల్కం మాత్రం నవ్వించే నాటకం. గురజాడ విషాదం వైపు ఎందుకు రాలేదని కొందరు నిట్టూరుస్తారు గానీ ఆ నిట్టూర్పు నాకు అర్థం కాదు. చిన్నపిల్లను ముసలివాడికి అమ్మే ఊళ్లో లోపం ఒక్క మనిషిది కాదు. లుబ్ధావధాన్లు పిసినారితనమో, అగ్నిహోత్రావధాన్లు మూర్ఖత్వమో పట్టుకుని దాన్నే విషాదానికి మూలమంటే మిగతా ఊరంతా తప్పించుకునేది. అదే విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు షేక్స్పియర్‌నూ కాళిదాసునూ పక్కపక్కన పెట్టి నవరస తరంగిణి కూర్చారు. ఆయన ఇద్దరినీ తూచిన తక్కెడ రసం. మనిషిలో లోపం ఎక్కడని ఆయన వెతకలేదు.

లోపం వెతకడం మన కళాశాలల్లో అలవాటైంది ఇరవయ్యో శతాబ్దంలో. 1904లో ఇంగ్లీషు విమర్శకుడు బ్రాడ్లీ షేక్స్పియర్ విషాదాంతాల మీద వెలువరించిన ఉపన్యాసాలు పరీక్షల దాకా దిగేసరికి గైడు పుస్తకపు పట్టిక అయిపోయాయి. హామ్లెట్‌కు తటపటాయింపు, ఒథెల్లోకు అసూయ, మేక్బెత్‌కు అత్యాశ, లియర్‌కు ముఖస్తుతి మీద మోజు. తరాల తరబడి కుర్రాళ్లు ఇదే రాసి మార్కులు తెచ్చుకున్నారు. ఒథెల్లో అసూయ గురించి నాలుగు పేజీలు నింపినవాడు ఆ అసూయ రగిలించిన ఇయాగోను ఒక్క పేరాలో తేల్చేస్తాడు. మన పల్లెల్లో అక్షరం రాని ముసలమ్మకు కూడా ఇంతకన్నా బాగా తెలుసు. కర్ణుడి చావుకు కారణాలనేకం అంటుంది. పరశురాముడి శాపం, ఇంద్రుడి మాయ, కుంతి మౌనం, శల్యుడి సూటిపోటి మాటలు, కుంగిన రథచక్రం, వాటితో పాటు కర్ణుడి సొంత రోషం కూడా. సామెత ఆ రోషాన్ని కాదనలేదు, వరసలో ఒకటిగా నిలబెట్టిందంతే.

1949లో అమెరికా నాటకకర్త ఆర్థర్ మిల్లర్ ఊరూరా తిరిగి సరుకు అమ్ముకునే విల్లీ లోమన్‌ను రంగం మీదికి తెచ్చాడు. విషాదానికి రాజులే అక్కర్లేదు, మామూలు మనిషీ చాలునని ఆ ఏడాదే వ్యాసం రాశాడు. కొత్త మాటే గానీ, ఉత్తరాంధ్రలో జముకుల కథ చెప్పేవాళ్లకు సామాన్యుడి చావు కొత్త వస్తువు కాదు. బొడ్డపాడుకు చెందిన సుబ్బారావు పాణిగ్రాహి ఆ కళను శ్రీకాకుళం రైతాంగ ఉద్యమంలోకి తీసుకెళ్లి, 1969లో తానే కాల్పుల్లో పోయాడు. ఆ కథల్లో నాయకుడికి లోపం ఉండదు. అందుకే అవి కదిలించినంతగా కలవరపెట్టవనిపిస్తుంది నాకు.

కలవరపెట్టింది శ్రీకాకుళం రచయిత కాళీపట్నం రామారావు రాసిన యజ్ఞం. అది నాటకం కాదు, పెద్ద కథ. కట్టుబడి మాత్రం పూర్తిగా నాటకానిది: ఒక ఊరు, ఒక పంచాయతీ, ఒక అప్పు. సుందరపాలెంలో అప్పల్రాముడు తీర్చలేని బాకీ మీద పెద్దలు కూర్చుంటారు. పెద్దమనిషి శ్రీరాములు నాయుడు ధర్మం తప్పి మాట్లాడడు, షావుకారు దొంగలెక్క రాయలేదు. ప్రతివాడి వాదనలోనూ న్యాయం కనిపిస్తుంది. చివరికి అప్పల్రాముడు బాకీకి తలవంచుతాడు. అతని కొడుకు సీతారాముడు తన పసివాణ్ణి చంపుకుంటాడు, వాడు అప్పుకింద కంబారి, అంటే కట్టు పాలేరు కాకూడదని. బొబ్బిలి కోటలో తండ్రులు చేసిందీ సరిగ్గా ఇదే పని. వాళ్ల మీద పదాలు కట్టి రెండు వందల ఏళ్లు పాడుకున్నాం. సీతారాముడు చేసింది సబబా కాదా అని విమర్శకులు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు.

అందరి చూపూ కొడుకు మీదే ఉంది. విషాద నాయకుడు నాకు తండ్రిలో కనబడతాడు. అప్పల్రాముడిలో లోపం వెతికితే దొరికేది మాట తప్పలేకపోవడం ఒక్కటే. మన పద్యనాటకం అన్నిటికన్నా ఎక్కువగా పూజించిన గుణమది, కాటి సీను నిలబడ్డదే దానిమీద. హరిశ్చంద్రుడికైతే చివర్లో దేవతలు దిగివచ్చి లోహితాస్యుణ్ణి బతికించి ఇచ్చారు, రాజ్యం కూడా తిరిగి ఇప్పించారు. అప్పల్రాముడికి మిగిలిన భూమి పోయింది, మనవడు పోయాడు, సత్యం తప్పలేదన్న మాటైనా పంచాయతీలో ఎవరూ అనలేదు.