బండి లోపలి పొయ్యి

చిరంజీవులు లల్లికి, బాబ్జీకి తాతయ్య ఆశీస్సులు.

లల్లీ, మీ అన్నయ్య బండి ట్యూన్ చేయిస్తానంటున్నాడని రాశావు. "ఇంజను అదే, పెట్రోలు అదే. మరి జోరు ఎక్కణ్ణుంచి వస్తుంది తాతయ్యా?" అని అడిగావు. మంచి ప్రశ్న. నాకు తోచినట్టు చెబుతాను.

మా అమ్మ పెరట్లో కట్టెల పొయ్యి మీద వండేది. ఇంజను కూడా పొయ్యే అనుకోండి. పెట్రోలే అందులో కట్టె. కట్టెలు కుక్కేసి గాలి ఆడనివ్వకపోతే పొగ కమ్ముతుంది, కుండకి మసి పడుతుంది. నాలుగు పుల్లలు పెట్టి ఊదుగొట్టంతో అదేపనిగా ఊదితే అవి భగ్గుమని కాలిపోతాయి, కుండలో నీళ్లు కాగవు. రెండూ సమంగా కుదరాలి. తూకంలో పెట్రోలు ఒక పాలైతే గాలి 14.7 పాళ్లు ఉండాలి. గట్టిగా లాగాలంటే ఇంకాస్త చిక్కగా, 13 పాళ్ల దగ్గర. లీటరు పెట్రోలు కాలడానికి దాదాపు 9 వేల లీటర్ల గాలి కావాలి. మనింటికొచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు 450 వరసగా పేర్చి చూడండి, అంత గాలి!

ఎప్పుడు వెలిగించాలన్నది రెండో సంగతి. నాన్న పొలం నుంచి వచ్చాక పొయ్యి రాజేస్తే ఆకలికి అన్నం అందదు. అమ్మ ముందే రాజేసేది. ప్లగ్గు కూడా అంతే, ఇంజనులో పైకీ కిందికీ ఆడే పిస్టను పైకి చేరకముందే నిప్పురవ్వ వేస్తుంది. ఇంజను జోరందుకున్న కొద్దీ ఇంకాస్త ముందు వేయాలి. మరీ ముందైతే మంట పైకొస్తున్న పిస్టనుకి ఎదురు తంతుంది, లోపల టకటకమని చప్పుడొస్తుంది. అలాగే వదిలేస్తే పిస్టను పాడవుతుంది. నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఇంజనులో ఈ పొయ్యి రెండు చుట్లకొకసారి, అంటే సెకనుకి 50 సార్లు వెలుగుతుంది. నాకిప్పటికీ ఇది అబ్బురమే.

గుడివాడలో మా బడి పక్కన ఒక మెకానిక్ షెడ్డుండేది. బడి వదలగానే నేను అక్కడే. బుల్లెట్టు బండికి ఆ మేస్త్రి టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే వేళ, పెట్టడం చూసి తీరాలి. విడిపోగానే నిప్పురవ్వ పుట్టించే చిన్న లోహపు బిళ్లలుంటాయి, వాటిని పాయింట్లంటారు. పలచటి సిగరెట్టు కాగితాన్ని ఆ పాయింట్ల మధ్య ఇరికించి, ఒక చేత్తో దాన్ని మెల్లగా లాగుతూ రెండో చేత్తో ఇంజన్ని తిప్పేవాడు. కాగితం పట్టు వదిలి జారిన చోటే నిప్పురవ్వ పడే చోటు. తర్వాత బండి స్టార్ట్ చేసి, గాలినీ పెట్రోలునీ కలిపే కార్బొరేటరు స్క్రూని పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు తిప్పుతూ చెవి ఒగ్గి వినేవాడు. మేం గుసగుసలాడినా కసిరేవాడు.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే పొగ కాలుష్యం నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో కార్బొరేటరు దాదాపు కనుమరుగైంది. ఇప్పుడు ఈసీయూ అనే చిన్న కంప్యూటరుంది. దానిలో మీ ఎక్కాల పట్టిక లాంటి పట్టిక ఉంటుంది. ఇంజను ఇంత వేగంలో ఉండి, యాక్సిలరేటరు ఇంత తిప్పితే, పెట్రోలు ఇంత, నిప్పురవ్వ ఇంత ముందు, అని గడి గడికీ లెక్క రాసి ఉంటుంది. ట్యూన్ చేసేవాళ్లు బండి వెనక చక్రాన్ని జోరు కొలిచే డైనో రోలరు మీద నడిపించి, పొగలో మిగిలిన ఆక్సిజన్ని కొలుస్తూ ఆ గడుల్లో అంకెలు దిద్దుతారు. జోరు అక్కణ్ణుంచే వస్తుంది లల్లీ.

అన్నయ్య సైలెన్సరు కూడా మారుస్తానన్నాడు కదా. అది మా పొయ్యికి పొగగొట్టం. దాన్ని వెడల్పు చేస్తే గాలి ధారాళంగా ఆడుతుంది, దానికి తగ్గట్టు కట్టె పెంచాలి. సైలెన్సరు మార్చి లోపలి లెక్క వదిలేస్తే ఇంజను వేడెక్కుతుంది, లాగుడూ తగ్గుతుంది. పైగా కంపెనీ చెప్పిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. వీధిలో పసిపిల్లలుంటారు, ముసలివాళ్లుంటారు. ఆ మోత వాళ్లకెందుకు?

అన్నయ్యది లాంటి నూటపాతిక సీసీ బండికి ట్యూనింగుతో దక్కేది కొద్దిపాటే. ముందు ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయించమనండి. చైను బిగువు, టైర్లలో గాలి, వాల్వుల సందు చూపించమనండి. పోయిన జోరు సగం అక్కడే దొరుకుతుంది.

మీ నాన్న పాత స్ప్లెండరుకి కార్బొరేటరే కదా. ఆదివారం ఇంజను పూర్తిగా చల్లారాక నాన్న చేత ప్లగ్గు విప్పించండి, మీరు విప్పొద్దు. కొసన ఉన్న పింగాణీని వెలుగులో చూడండి. లేత గోధుమరంగులో ఉంటే పొయ్యి బాగా మండుతున్నట్టు. నల్లగా మసి పట్టి ఉంటే కట్టె ఎక్కువైనట్టు, తెల్లగా పాలిపోయి ఉంటే తక్కువైనట్టు. ఏ రంగులో ఉందో ఇద్దరూ విడివిడిగా రాసి పంపండి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు.

మీ తాతయ్య