ఈనె దగ్గర ఆగిన మచ్చ, ఈనె దాటిన మచ్చ

మొక్కజొన్న ఆకు మీద మచ్చ కనబడగానే అందరం ముందు రంగే చూస్తాం. రంగును నమ్ముకుంటే మాత్రం బోల్తా పడతాం. ఏ శిలీంధ్రం చంపినా చచ్చిన ఆకు చివరికి గడ్డి రంగుకో, గోధుమ రంగుకో, బూడిద రంగుకో తిరుగుతుంది. అసలు తెగులే లేకపోయినా రంగు మారవచ్చు. పొటాష్ తక్కువైతే కింది ఆకుల అంచులు మాడతాయి. నత్రజని చాలకపోతే ఆకు కొన నుంచి నడిమి ఈనె వెంబడి పసుపు దిగుతుంది. అందుకే తెగులేదో తేల్చాలంటే నేను మచ్చ అంచునే ముందు చూడమంటాను. అది ఈనెల దగ్గర ఆగిందా, వాటిని దాటిపోయిందా?

మొక్కజొన్న ఆకులో ఈనెలు పక్కపక్కనే నిలువుగా సాగుతాయి. వాటికి ఆనుకుని గట్టి నార లాంటి కణజాలం ఉంటుంది. బూడిద రంగు ఆకుమచ్చ తెగులు తెచ్చే సెర్కోస్పోరా శిలీంధ్రం ఆకు రంధ్రాల గుండా లోపలికి దూరుతుంది కానీ, ఆ గట్టి గోడను ఛేదించలేదు. పక్కలకు దారి లేక పొడవునా పెరుగుతుంది. ఫలితంగా ముదిరిన మచ్చ స్కేలు పెట్టి గీసినట్టు పొడుగాటి దీర్ఘచతురస్రంలా తయారవుతుంది. చిక్కల్లా మొదట్లోనే. సోకిన కొత్తలో కనిపించేది చుట్టూ పసుపు వలయం ఉన్న చిన్న చుక్క మాత్రమే. మచ్చ పూర్తి రూపానికి రావడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. చుక్క దశలో పేరు పెట్టడానికి తొందరపడకపోవడమే మంచిది.

టర్సికమ్ ఆకు ఎండు తెగులు తీరు వేరు. దీని శిలీంధ్రం నేరుగా ఈనెల్లోని నీటి నాళాల్లోకే చొరబడుతుంది. నీళ్లు అందక అక్కడి ఆకు ముందు వాడి, తర్వాత ఎండుతుంది. ఈనెలే దానికి రహదారి కాబట్టి అవి మచ్చకు హద్దులు కావు. మధ్యలో లావుగా, కొనలు సన్నగా, చుట్ట ఆకారంలో మచ్చ సాగుతుంది. పొడవు రెండున్నర నుంచి 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే మచ్చ మీద నల్లటి మసి లాంటిది తేలుతుంది. అవే సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రం వ్యాపించడానికి వదిలే సూక్ష్మమైన బీజాలు. 18 నుంచి 27 డిగ్రీల చల్లటి వాతావరణం, ఆకుల మీద గంటల తరబడి తడి దీనికి బాగా కలిసొస్తాయి. ఇక్కడా ఒక మెలిక ఉంది. హెచ్‌టీ1 లాంటి నిరోధక జన్యువు ఉన్న రకాల్లో మచ్చ చుట్ట ఆకారానికి రాకుండా పసుపు చారగా మిగలవచ్చు. కాబట్టి చేలో ఏ రకం వేశారో తెలియకుండా ఆకు ఒక్కటి చూసి చెప్పడం కష్టం.

మేడిస్ ఆకు ఎండు తెగులు వేడిని ఇష్టపడుతుంది. మచ్చలు చిన్నవి, సాధారణంగా రెండున్నర సెంటీమీటర్లు దాటవు. చూడ్డానికి అమాయకంగా ఉన్నా 1970లో అమెరికా మొక్కజొన్న పంటలో దాదాపు 15 శాతాన్ని ఇదే మింగేసింది. హైబ్రిడ్ విత్తనోత్పత్తి సులువవుతుందని అక్కడి పంటలో సుమారు 85 శాతం ఒకే రకం కణద్రవ్యంతో (కణంలో కేంద్రకం చుట్టూ ఉండే, మైటోకాండ్రియా ఇమిడి ఉండే పదార్థం) తయారైంది. ‘రేస్ టి’ అనే శిలీంధ్ర రూపం వదిలే విషానికి ఆ మొక్కల మైటోకాండ్రియాలోని ఒక ప్రొటీన్ తలుపు తెరిచింది. ఆ ఏడాది తెగులు ఆకులతో ఆగలేదు, కండెల దాకా వెళ్లింది.

తుప్పు తెగులును గుర్తించడానికి వేలు చాలు. పొక్కు మీద రుద్దితే పొడి అంటుతుంది. ఇటుక రంగు పొక్కులు ఆకు రెండు వైపులా ఉంటే మామూలు తుప్పు. నారింజ రంగువి ఎక్కువగా పై వైపే గుంపులు గుంపులుగా ఉంటే దక్షిణపు తుప్పు, ఇది వేడిలో చాలా వేగంగా వ్యాపిస్తుంది. నల్లగా ఉబ్బిన చుక్కలు గోకినా రాకపోతే తారు మచ్చ తెగులును అనుమానించాలి. మెక్సికోలో 1904లోనే గుర్తించిన ఈ తెగులు అమెరికాలో బయటపడింది 2015లో. ముదిరిన తుప్పు పొక్కులూ నల్లబడతాయి కానీ, వాటిని గోటితో గోకితే పొడి రాలుతుంది.

మచ్చ అంచులు అలల్లా వంకరగా ఉండి, ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చుట్టూ పసుపు మెరిస్తే అది బాక్టీరియా చార తెగులు కావచ్చు. దానికి శిలీంధ్రనాశిని కొట్టడం దండగ.

ఫొటో తీస్తే ఫోనే చెప్పేస్తుంది కదా అంటారు. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో సుమారు 54 వేల ఆకుల ఫొటోలతో నేర్పించి తయారుచేసిన కంప్యూటర్ నమూనా అదే సేకరణలోని ఫొటోలపై 99 శాతం పైగా సరిగ్గా చెప్పింది. వేరే చోట తీసిన ఫొటోలు ఇస్తే 31 శాతానికి పడిపోయింది. నేర్చుకున్న ఆకులన్నీ సాదా నేపథ్యం మీద ఒక్కొక్కటిగా పెట్టి తీసినవి మరి! చేలో నీడ, మట్టి, ఒకే ఆకు మీద రెండు తెగుళ్లు అన్నీ కలిసే ఉంటాయి. ఆ తర్వాత నమూనాలు మెరుగయ్యాయి. అయినా యాప్ చెప్పిన పేరును అనుమానంగానే తీసుకుని, అంచు చూసి సరిపోల్చుకోవాలి.

అప్పటికీ తేలకపోతే తడి కాగితం వేసిన ప్లాస్టిక్ కవర్లో ఆకు పెట్టి ఒకటి రెండు రోజులు ఉంచండి. తర్వాత పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూస్తే టర్సికమ్ మచ్చ మీద నల్లటి బీజాలు, సెర్కోస్పోరా మచ్చ మీద బూడిద రంగు నూగు లేచి ఉంటాయి. దీనికి పూర్తిగా ఎండిన ఆకు పనికిరాదు. చచ్చిన ఆకును తినే మామూలు బూజులు ముందే దాన్ని ఆక్రమించి ఉంటాయి. మచ్చ చుట్టూ ఇంకా పచ్చదనం మిగిలిన ఆకునే కోయాలి.