గురక, ఇంట్లో స్లీప్ టెస్టు: అపోహలు - వాస్తవాలు

2020 మార్చిలో రాష్ట్రంలో తొలి కరోనా కేసు మా నెల్లూరులోనే బయటపడింది. ఆ నెలాఖరుకి, నిద్రలో ఊపిరి ఎట్ట ఆడుతుందో రాత్రంతా పరీక్షించే స్లీప్ ల్యాబుల్లో మంచాలు ఖాళీ అయిపోయాయి. మూసిన గదిలో, గురకపెట్టే మనిషి పక్కన రాత్రంతా వైర్లు సర్దుతూ ఉండే పని మాది. ఆ రోజుల్లో అది ఎలా కుదురుతుంది? ఆ పరీక్ష ఇంట్లోనే చేసే చిన్న మిషన్ని గేటు దగ్గర ఇచ్చేసి, ఎట్ట కట్టుకోవాలో వీడియో కాల్లో చెప్పేవాళ్ళం. కరోనా తగ్గినా ఇంటి టెస్టు అలవాటైపోయింది. దాని చుట్టూ అల్లుకున్న అపోహలూ అట్టే ఉండిపోయాయి.

అపోహ: గురక పెడుతున్నాడంటే ఆదమరిచి నిద్రపోతున్నట్టే.

వాస్తవం: నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి ఇరుకైతే వచ్చే చప్పుడే గురక. గురక పెట్టే అందరికీ స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగిపోయే జబ్బు, ఉండదు. గురక ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి ఉలిక్కిపడ్డట్టు ఊపిరి లాగితే మాత్రం అనుమానించాలి. "ఊపిరి ఆడతా ఉందో లేదో అని ముక్కు కాడ వేలు పెట్టి చూస్తా సార్" అని ఇంటావిడ చెప్పిందంటే ఇంకేమీ అడగను, టెస్టుకి రాసుకుంటా. మనిషి సన్నగా ఉన్నా సరే.

అపోహ: కరోనాలో కొన్న ఆక్సీమీటరు ఉంది, 97 చూపిస్తోంది. ఇంకేం టెస్టు?

వాస్తవం: మెలకువలో 97 ఉండటం మామూలే. ఈ జబ్బు బయటపడేది నిద్రలో. మేమిచ్చే మిషన్‌కి ముక్కు దగ్గర సన్నగొట్టం, ఛాతీకీ పొట్టకీ బెల్టులు, వేలికి సెన్సరు ఉంటాయి. తెల్లారి కంప్యూటర్లో తెరిస్తే ఒక్కోచోట గాలి గీత చదునుగా పడుకుని ఉంటుంది. దాని కిందే బెల్టుల గీతలు ఎగిరెగిరి పడుతుంటాయి. ఊపిరి కోసం పొట్ట కొట్టుకుంటోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదన్నమాట. అది 10 సెకన్లు ఉంటే లెక్కలోకి తీసుకుంటాం. ఆక్సిజన్ గీత వెంటనే దిగదు. ఊపిరితిత్తుల నుంచి నెత్తురు వేలిదాకా రావాలి కదా! మనిషి మళ్ళీ ఊపిరి అందుకున్నాక అంకె అడుగుకి పడటం ఎన్నిసార్లో చూశాను. మధ్యరాత్రి లేచి ఒక్కసారి చూసిన అంకెతో అందుకే ఏమీ తేలదు. గోళ్ళరంగు ఉంటే మాత్రం తుడిచి పడుకోండి.

అపోహ: కరోనా వస్తే సీపాప్ మిషన్ (ఈ జబ్బున్నవాళ్ళకి రాత్రి మాస్కులోంచి గాలి ఊది గొంతు దారి మూసుకోకుండా చూసేది) ఆపేయాలి.

వాస్తవం: మాస్కు రంధ్రాల్లోంచి వదిలిన గాలి గదిలోకి వస్తుంది, నిజమే. వేరే గదిలో కిటికీలు తీసి పడుకోవాలి. డాక్టరుని అడక్కుండా ఆపకూడదు.

అపోహ: ఇంటి టెస్టులో నార్మల్ వచ్చింది, జబ్బు లేనట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. కావలి వైపు నుంచి ఒక లారీ డ్రైవరన్న వచ్చాడు. చెన్నై హైవే మీద టోల్‌గేట్ క్యూలో స్టీరింగు మీదే కునుకుతున్నాడు. రాత్రి 10కి మిషన్ కట్టుకుని పొద్దున 5కి తీశాడు. 28 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరిగింది. 7 గంటలకి 28 అంటే గంటకి 4. గంటకి 5 లోపు నార్మల్. కానీ వాళ్ళావిడ ఫోన్లో "రెండింటిదాకా దొర్లుతానే ఉన్నాడు సార్" అంది. అంటే నిద్రపోయింది 3 గంటలే. అప్పుడు గంటకి 9 దాటుతుంది! తలకి వైర్లు లేని ఈ మిషన్‌కి మనిషి నిద్రపోయిందీ లేనిదీ తెలియదు, కట్టుకున్న గంటలన్నిటికీ భాగించేస్తుంది.

ఇంటి టెస్టు జబ్బు ఉందంటే నమ్మొచ్చు. లేదన్నా, పగలు కునుకు, పొద్దున తలనొప్పి పోకపోతే ల్యాబులో ఒక రాత్రి పడుకోవాల్సిందే. ఆయన్ని కూడా ల్యాబుకి పంపాం, జబ్బు తేలింది. ఇప్పుడు మిషన్ తిరిగి తీసుకునేటప్పుడు ఎవరినైనా నేను మొదట అడిగేది, రాత్రి ఎన్నింటికి నిద్ర పట్టిందని.

గుండె బలహీనంగా ఉన్నవాళ్ళూ, పక్షవాతం వచ్చినవాళ్ళూ, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్ళూ ఇంటి టెస్టు జోలికి పోకుండా నేరుగా ల్యాబుకే రండి.