తెరుచుకోని స్కాన్లు: ఎండీఐ ఫైళ్ల పూర్వాపరాలు

విశాఖపట్నం పోర్టు మీద ఆధారపడిన క్లియరింగ్ ఏజెంట్ల పాత కంప్యూటర్లలో, బిల్ ఆఫ్ ఎంట్రీలు (దిగుమతి సరుకుపై కస్టమ్స్‌కు ఇచ్చే పత్రాలు), ఇన్‌వాయిసులు స్కాన్ చేసి దాచిన ఫోల్డర్ల మధ్య, '.ఎండీఐ' అనే తోకతో కొన్ని ఫైళ్లు ఇంకా కనిపిస్తుంటాయి. వాటిని నొక్కితే దేనితో తెరవాలని విండోస్ ఎదురు ప్రశ్న వేస్తుంది. ద్వారకానగర్‌లో కొత్తగా కొన్న కంప్యూటరులో దానికి జవాబు దొరకదు. ఫైలు పాడైందని చాలామంది అనుకుంటారు గానీ సాధారణంగా పాడైంది ఫైలు కాదు. దాన్ని చదివే సాఫ్ట్‌వేర్‌నే తయారీదారైన మైక్రోసాఫ్ట్ ఉపసంహరించుకుంది.

ఈ కథ స్కాన్ చేసిన పేజీలను బొమ్మలుగా దాచే టిఫ్ అనే ఫైలు ఫార్మాట్‌తో మొదలవుతుంది. 1986లో ఆల్డస్ సంస్థ రూపొందించిన ఈ ఫార్మాట్ నిర్దేశాలు బహిరంగంగా అందుబాటులో ఉండటంతో స్కానర్ల ప్రపంచమంతా దాన్ని అందిపుచ్చుకుంది. విండోస్ 95 కాలంలో వాంగ్ లేబొరేటరీస్ తయారు చేసిన, స్కాన్లను చూసి వాటి మీద గమనికలు రాసుకునే ఇమేజింగ్ అనే ప్రోగ్రాము విండోస్ వినియోగదారులకు ఉచితంగా అందింది. 1997లో వాంగ్ సాఫ్ట్‌వేర్ విభాగాన్ని కోడక్ కొనడంతో విండోస్ 98 నాటికి అది కోడక్ పేరుతో కనిపించింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో మాత్రం దానికి చోటు దక్కలేదు.

ఆ ప్రోగ్రాము పోయినా టిఫ్ ఫైళ్లు ఉన్నాయి కదా అనిపించవచ్చు. అయితే స్కాన్ చేసిన పేజీ మీద ఇమేజింగ్‌లో రాసిన గమనికలు, వేసిన స్టాంపులు బొమ్మలో కలిసిపోకుండా, ఫైలులోనే 32932 సంఖ్య గల ప్రత్యేక ట్యాగ్‌లో, అంటే సమాచారం దాచే ఒక అరలో, విడిగా ఉండిపోయేవి. ఆ ట్యాగ్‌ను పట్టించుకోని వ్యూయర్‌లో (ఫైళ్లు చూపే ప్రోగ్రాములో) పేజీ శుభ్రంగా తెరుచుకుంటుంది, అధికారి రాసిన గమనిక మాత్రం కనబడదు. అసలు తెరుచుకోని ఫైలు కంటే ఇదే ప్రమాదకరం, ఎందుకంటే లోపం ఉన్నట్టే తెలియదు. రంగు స్కాన్లది మరో చిక్కు. 1992 నాటి టిఫ్ 6.0 నిర్దేశంలో బొమ్మ సైజు తగ్గించే జేపెగ్ కుదింపు గురించి రాసిన భాగం గందరగోళంగా ఉండటంతో 1995లో దానికి బదులు కొత్త పద్ధతిని ప్రతిపాదించారు. ఇమేజింగ్ మాత్రం పాత పద్ధతిలోనే ఫైళ్లు రాసేది. అందుకే అలాంటి స్కాన్లను నేటి వ్యూయర్లు కొన్ని నిరాకరిస్తాయి.

2001 నాటి ఆఫీస్ ఎక్స్‌పీతో మైక్రోసాఫ్ట్ తన సొంత డాక్యుమెంట్ ఇమేజింగ్‌ను తెచ్చింది. ఇందులో స్కానింగుతో పాటు, బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ కూడా ఉండేది. టిఫ్‌తో పాటు ఎండీఐ అనే సొంత ఫార్మాట్‌నూ అది వాడింది. నిర్మాణం చూస్తే ఎండీఐ టిఫ్‌కు దగ్గరి చుట్టమే. టిఫ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదట 'ఐఐ' లేదా 'ఎంఎం' అన్న ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి, ఎండీఐలో ఆ చోట 'ఈపీ' ఉంటుంది. లోపలి కుదింపు పద్ధతులు కూడా మైక్రోసాఫ్ట్ సొంతవే కాబట్టి, జిరాక్స్ షాపుల్లో కొందరు చేసినట్టు తోకను '.టిఫ్'గా మార్చినంత మాత్రాన పని జరగదు.

ఆఫీస్ 2010లో ఈ ప్రోగ్రామును తీసేశారు. పాత 32 బిట్ రూపంతో పాటు కొత్త తరం కంప్యూటర్ల 64 బిట్ రూపంలో కూడా వచ్చిన మొదటి ఆఫీస్ అదే. డాక్యుమెంట్ ఇమేజింగ్ మాత్రం 32 బిట్‌కే పరిమితమైనది. దాని ఓసీఆర్‌ను పిలిచి ఇన్‌వాయిసు నంబర్లు లాగేలా రాసుకున్న సొంత ప్రోగ్రాములకు అక్కడితో ఆధారం పోయింది. అవసరమైనవారు ఉచితంగా దొరికిన షేర్‌పాయింట్ డిజైనర్ 2007 నుంచి ఆ ఒక్క భాగాన్నే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చని మైక్రోసాఫ్టే దారి చూపింది. ఎండీఐని టిఫ్‌గా మార్చే ఒక కమాండ్‌లైన్ (ఆదేశాలు టైపు చేసి నడిపే) పరికరాన్నీ విడుదల చేసింది. ఆఫీస్ 2007కు మద్దతు 2017 అక్టోబరు 10న ముగిసింది కాబట్టి, పాత ప్రోగ్రామును రోజువారీ పనికి కాకుండా, ఇంటర్నెట్ లేని ఒక కంప్యూటరులో మార్పిడికే వాడటం మేలు.

మార్చేటప్పుడు మూల ఫైళ్లను చెరిపేయకూడదు. గమనికలున్న పేజీలను వాటిని చూపగల ప్రోగ్రాములో ఒకసారి తెరిచి, బొమ్మలో కలిపిన ప్రతిని విడిగా భద్రపరచాలి. దీర్ఘకాలం దాచడానికి, 2005లో అంతర్జాతీయ ఐఎస్ఓ ప్రమాణంగా మారిన పీడీఎఫ్ రకం పీడీఎఫ్/ఏ అనువైనది. పాత సాఫ్ట్‌వేర్ ఓసీఆర్‌కు తెలుగు రాదు కనుక నాటి తెలుగు దస్తావేజులు ఉత్త బొమ్మలుగానే మిగిలాయి. మార్పిడి అయ్యాక వాటిని, తెలుగు చదవగల ఉచిత ప్రోగ్రాము టెసరాక్ట్‌కు అందించవచ్చు.