వెనుక టైర్లలో 8 పీఎస్‌ఐ ఎక్కువ ఎందుకు?

18 అంగుళాల చక్రాలున్న 996 తరం పోర్షే 911లో ముందు టైర్లకు 36 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం), వెనుక టైర్లకు 44 పీఎస్‌ఐ గాలి ఉండాలి. నాలుగు టైర్లకూ ఒకే అంకె కొట్టే అలవాటున్న చోట ఈ లెక్క చెబితే, గాలి కొట్టే మనిషి తప్పకుండా మరోసారి అడుగుతాడు. అడగడం నయమే. అడగకుండా అన్నిటికీ 36 కొట్టి పంపిస్తేనే ఇబ్బంది.

911లో ఇంజిన్ వెనుక ఇరుసు కంటే ఇంకా వెనక్కి ఉంటుంది. కారు బరువులో దాదాపు 60 శాతం వెనుక చక్రాల మీదే పడుతుంది కాబట్టి అక్కడ గాలి ఎక్కువ కావాలి. అయితే అసలు సంగతి బరువు మోయడం ఒక్కటే కాదు. స్టీరింగ్ తిప్పినప్పుడు రబ్బరు పక్కకు సాగుతుంది. అందువల్ల చక్రం చూసే దిక్కుకూ, అది నిజంగా కదిలే దిక్కుకూ మధ్య కొన్ని డిగ్రీల తేడా వస్తుంది. దీన్నే స్లిప్ యాంగిల్ అంటారు. గాలి తగ్గితే టైరు పక్కగోడ మెత్తబడి ఆ కోణం పెరుగుతుంది. ముందు చక్రాల కోణం ఎక్కువైతే కారు మలుపులో కాస్త బయటికి జరుగుతుంది. డ్రైవర్ అప్రయత్నంగా యాక్సిలరేటర్ మీద కాలు తీస్తాడు, కారు దారికి వస్తుంది. వెనుక చక్రాల కోణం ఎక్కువైతే కారు వెనుక భాగమే బయటికి విసురుకుంటుంది. అప్పుడు భయపడి కాలు తీస్తే బరువు ముందుకు మళ్లుతుంది, వెనుక పట్టు ఇంకా సడలుతుంది, కారు గిర్రున తిరుగుతుంది. ఆ 8 పీఎస్‌ఐ తేడా ఉన్నది ఈ రెండో సంగతి జరగకుండా చూడటానికే. సస్పెన్షన్‌లోని స్ప్రింగులాగే టైరులోని గాలి కూడా డిజైన్‌లో ఒక భాగం.

దీనిమీద మరీ ఎక్కువగా ఆధారపడిన కారు 1960 నాటి షెవ్రొలె కార్వేర్. అదీ వెనుక ఇంజిన్ కారే. ముందు 15, వెనుక 26 పీఎస్‌ఐ ఉండాలన్నది కంపెనీ సూచన. కారు పక్కకు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ ముందు భాగంలో మొదట్లో లేదు, 1964 మోడల్‌కు గానీ అది అందరికీ అందలేదు. అంతవరకు ఆ పని చాలావరకు టైర్లలోని గాలే చేయాల్సి వచ్చింది. 15 అన్న అంకె చూసి పొరపాటనుకొని నాలుగింటికీ సమానంగా కొట్టినవారు ఎందరో. 1965లో వినియోగదారుల హక్కుల కోసం పోరాడే అమెరికా న్యాయవాది రాల్ఫ్ నేడర్ ఈ కారు ప్రమాదకరమని దుయ్యబట్టాడు. నాటి ఇతర కార్ల కంటే ఇది ప్రమాదకరమైనది కాదని 1972లో అమెరికా ప్రభుత్వ పరీక్షలు తేల్చాయి. రెండిట్లోనూ కొంత నిజముంది గానీ, కారు క్షేమాన్ని పెట్రోలు బంకులో గాలి కొట్టేవాడి ఓపికకు వదిలేయడం మాత్రం మంచి ఇంజనీరింగ్ కాదు.

గాలిని కారే కనిపెట్టుకునే ఏర్పాటు పోర్షేలోనే మొదలైంది. 1986 నాటి పోర్షే 959 కారు గంటకు 315 కిలోమీటర్ల వేగం అందుకునేది. ఆ వేగంలో టైరు సెకనుకు 40 సార్లకు పైగా తిరుగుతుంది. గాలి తక్కువైతే రోడ్డుకు ఒత్తుకున్న భాగం మళ్లీ గుండ్రంగా సర్దుకునేలోపే ఇంకో చుట్టు పూర్తవుతుంది. టైరులో అలలు లేస్తాయి, వేడి పెరుగుతుంది, చివరికి పేలుతుంది. అందుకే ఆ కారు మెగ్నీషియం చక్రాల్లో గాలి ఒత్తిడిని కనిపెట్టే పరికరాలు అమర్చారు.

మామూలు కార్లకు ఇది చట్టం వల్ల వచ్చింది. ఫైర్‌స్టోన్ టైర్లున్న ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్ల ప్రమాదాల తర్వాత 2000లో ఆ టైర్ల కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. అదే ఏడాది అమెరికా చట్టం చేసింది, 2007 సెప్టెంబరు నుంచి అక్కడి కొత్త కార్లన్నిటికీ హెచ్చరిక దీపం తప్పనిసరైంది. సూచించిన ఒత్తిడి కంటే 25 శాతం తగ్గితే దీపం వెలగాలి. ఇప్పుడు ఈ లెక్కను 44 పీఎస్‌ఐ టైరుకు వేసి చూడండి. 33కు దిగేదాకా దీపం వెలగకపోయినా నిబంధన ఒప్పుకుంటుంది. అంటే వెనుక ఒత్తిడి ముందు టైర్ల కంటే తక్కువైపోయినా డ్యాష్‌బోర్డు నిశ్శబ్దంగా ఉండవచ్చు! ఆ దీపం టైరు పేలకుండా కాపాడటానికి పెట్టింది, మలుపులో కారు నడక గురించి దానికి పట్టింపు లేదు.

అందుకే దీపం కంటే అంకె మేలు. పోర్షే తర్వాతి తరాల తెర మీద ఒక్కో చక్రం ఒత్తిడి విడిగా కనిపిస్తుంది. ఉష్ణోగ్రతను కూడా లెక్కలోకి తీసుకొని ఇంకెంత గాలి కావాలో చెబుతుంది. ఈ ఉష్ణోగ్రత చిన్న విషయం కాదు. 20 డిగ్రీల దగ్గర 36 పీఎస్‌ఐ ఉన్న టైరు ప్రతి 10 డిగ్రీలకూ సుమారు 1.7 పీఎస్‌ఐ పెరుగుతుంది. 60 డిగ్రీలకు వేడెక్కితే 43 చూపిస్తుంది. ఎక్కువైందని గాలి తీసి 36కు తెచ్చారనుకోండి, టైరు చల్లారాక మిగిలేది 30. ఇది కూడా 25 శాతం గీతకు పైనే ఉంది కాబట్టి దీపం వెలగదు. నైట్రోజన్ నింపినా ఈ లెక్క మారదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, డబ్బులిచ్చి కొనే నైట్రోజన్‌లో తేమ ఉండదు, ఈ లెక్క వరకు అంతే తేడా.

వాల్వుకు లోపలివైపు కూర్చునే సెన్సర్ రేడియో తరంగాలతో కబురు పంపుతుంది. కొన్నేళ్లకు అందులోని బ్యాటరీ అయిపోతే సాధారణంగా సెన్సర్ మొత్తాన్నీ మార్చాలి. కొన్ని కార్లలో ఈ సెన్సర్లే ఉండవు. గాలి తగ్గిన చక్రం మిగతావాటి కంటే కాస్త వేగంగా తిరుగుతుంది కాబట్టి బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పరికరాలతోనే దాన్ని పసిగడతారు. నాలుగూ ఒకేలా దిగిపోతే వేగాలను పోల్చే ఈ పద్ధతికి తెలియదు. గాలి కొట్టించాక రీసెట్ చేసేటప్పుడు ఉన్న ఒత్తిడే తప్పైతే, ఆ తప్పునే ఒప్పు అనుకుంటుంది.

రేస్ ట్రాక్ మీద లెక్క తిరగబడుతుంది. అక్కడ నడిపేవారు వేడెక్కాక ఉండాల్సిన అంకెను ముందుగా పెట్టుకుంటారు, దానికి తగ్గట్టు చల్లని టైరులో గాలి తగ్గించి మొదలుపెడతారు. దీపం వెలిగినా పట్టించుకోరు. ఇంటికి బయలుదేరే ముందు మాత్రం మళ్లీ నింపుకోవాలి, వెనుక 44.